రఫీకి ఇచ్చిన సెలవు

మార్కాపురం బస్టాండు వెనక లారీలు ఆగే చోట రఫీ ఒక క్లీనరు ప్రాణం నిలబెట్టాడన్న కబురు శ్యాంసన్‌కు టీ దుకాణం దగ్గర తెలిసింది. చెప్పినవాడు పండగ కబురు చెప్పినట్టు చెప్పాడు.

"పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగిపోయినాయంట అన్నా. అందరూ పోయినాడనే అనుకున్నారంట. మన రఫీ వచ్చి తొడలో సూది పొడిచి, నోట్లో నోరు పెట్టి ఊదినాడంట. దగ్గుకుంటా లేచి కూర్చున్నాడంట వాడు!"

"మంచిపని చేసినాడు," అన్నాడు శ్యాంసన్. సగం తాగిన టీ అక్కడే పెట్టి లేచాడు.

మంచిపనే, సందేహం లేదు. అతనూ ఆ పనే చేస్తాడు. రఫీ కంటే చాలా ముందునుంచీ చేస్తున్నాడు. రైలు పట్టాల పక్కన చేశాడు, చెరుకురసం బండి చాటున చేశాడు, ఒకసారి పెళ్లిపందిరి వెనక బాజాలు మోగుతుండగా చేశాడు. ఆ కథలు మాత్రం టీ దుకాణాల దాకా రాలేదు.

కంభం రోడ్డులో ఒక పాత మేడమీద వాళ్ల కేంద్రం ఉంది. మత్తు కోసం నొప్పి మాత్రలు మింగేవాళ్లు, నరాల్లోకి సూదులు పొడుచుకునేవాళ్లు అక్కడికి వచ్చి కూర్చోవచ్చు, స్నానం చేయవచ్చు, పుళ్లకు కట్టు కట్టించుకోవచ్చు. ఎవరికైనా మత్తు మోతాదు మించి ఊపిరి ఆగేలా ఉంటే, పక్కనున్నవాళ్లు ఫోను చేస్తే, మత్తును విరిచే సూదిమందు సంచీ తగిలించుకుని మనిషి పరుగెత్తుకొస్తాడు. అలా వచ్చేవాడు డాక్టరు కాదు. ఒకప్పుడు తానూ అదే మత్తులో మునిగి తేలినవాడే. అలాంటివాళ్లను ఆఫీసు ఇంగ్లీషులో పీర్లు, అంటే తోటివాళ్లు, అంటారు. ఊళ్లో జనం మొదట్లో పీర్ల పండగ పీర్లనుకుని నవ్వుకున్నారు. ఇప్పుడు నవ్వడం మానేశారు.

ఆ మధ్యాహ్నం శ్యాంసన్ మెట్లెక్కేసరికి పైన చప్పట్లు మోగుతున్నాయి. కేంద్రాన్ని నడిపే శ్రీదేవి చెయ్యెత్తి ఆపింది. ఆమెది ఒంగోలు. ముప్పై అయిదు దాటని మనిషి, గొంతు పెంచకుండానే మాట నెగ్గించుకుంటుంది.

"చాలు చాలు. ముందు అతణ్ని కాసేపు కూర్చోనివ్వండి. రఫీ, అన్నం తిన్నావా? లేదా? ఇట్రా," అని అతన్ని లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసింది.

శ్యాంసన్ బయట బెంచీ మీద కూర్చుని గాజుగుడ్డ ముక్కలు మడతపెట్టసాగాడు. తలుపు అవతల మొదట మాటలు వినపడ్డాయి, తర్వాత ఏడుపు. ఇరవై ఆరేళ్ల మగవాడు చంటిపిల్లాడిలా వెక్కుతున్నాడు. ఇంకాసేపటికి నవ్వు కూడా వినిపించింది. రఫీ బయటికొచ్చినప్పుడు అతని కళ్లు ఉబ్బి ఉన్నాయి గాని, భుజాలు బరువు దించుకున్న హమాలీ భుజాల్లా తేలిగ్గా ఉన్నాయి.

"ఇంటికెళ్లి రెండు రోజులు పడుకో. ఫోను ఆపేసుకో," అంది శ్రీదేవి. తర్వాత ఇటు తిరిగి, "మీ ఏరియాతో పాటు ఇతనిది కూడా చూస్తారు కదా, శ్యాంసన్ గారూ?"

"చూసుకుంటా మేడం," అన్నాడతను.

ఆ 'గారూ' అతనికి గొంతులో చేపముల్లులా అడ్డంపడింది. ఆమె మర్యాదకే అంటుందని తెలుసు. నలభై దాటినవాణ్ని, ఇక్కడ అందరికంటే పాతవాణ్ని, అట్లాగే పిలవాలి. కానీ రఫీని 'తిన్నావా' అని అడిగిన నోరు తనను ఎప్పుడూ ఆ మాట అడగలేదు. తనకు గౌరవం దొరికింది, వాడికి ఆకలి అడిగే మనిషి దొరికింది. ఈ రెంటిలో ఏది ఎక్కువో శ్యాంసన్ కడుపుకు తెలిసిపోతూనే ఉంది.

అతను ఒకప్పుడు పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. బండ జారి నడుం మీద పడింది. నొప్పికి మాత్రలు మొదలయ్యాయి, మాత్రలు చాలక సూదులు వచ్చాయి. భార్య యేసుమణి మిరపకోతలకు పోయి తెచ్చినదాంట్లో సగం ఆ సూదులకే పోయేది. మందిరంలో పాస్టరు ప్రార్థన చేశాడు, యేసుమణి అన్న కొట్టాడు. ఏదీ పనిచేయలేదు. చివరికి ఈ కేంద్రం కొత్తగా పెట్టినప్పుడు ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఎన్నిసార్లు జారాడో అన్నిసార్లూ లేచి, నిలబడ్డాడు. ఇక్కడ పీరుగా చేరిన మొదటి మనిషి అతనే.

చేరిన కొత్తల్లోనే డానీ పోయాడు. పలకల షెడ్డులో పనిచేసే కుర్రవాడు, మందిరంలో డోలక్ వాయించేవాడు. శ్యాంసన్ చేరేసరికే ఒళ్లు చల్లబడింది. అయినా సూదిమందు ఇచ్చి, చేతులు పడిపోయేదాకా ఊపిరి ఊదుతూనే ఉన్నాడు. వాళ్లమ్మ వచ్చి అతని చొక్కా పట్టుకుని లాగితే గాని ఆపలేదు. అప్పట్లో కేంద్రాన్ని చూసే సారు విషయం విని, "పాపం, పోయినవాడు ఎలాగూ పోయాడు. రేపు గిద్దలూరులో మీటింగుంది, పొద్దున రైలుకి రా," అన్నాడు. శ్యాంసన్ పొద్దున రైలెక్కాడు. మీటింగులో వెనక వరసలో కూర్చున్నాడు. పులిహోర పొట్లం ఇస్తే తిన్నాడు కూడా. ఆ తర్వాత ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు.

శ్రీదేవి వచ్చాక పద్ధతి మారింది. శుక్రవారం శుక్రవారం ఒక్కొక్కరినీ లోపలి గదిలో కూర్చోబెట్టి మాట్లాడుతుంది. ఎవరి ప్రాణం నిలబెట్టారు, ఎవరి ప్రాణం పోయింది, నిద్ర పడుతోందా, మళ్లీ సూది మీదికి మనసు పోతోందా అని అడుగుతుంది. ఇతరులకు ఊపిరి పోసేవాళ్లకు ఊపిరాడాలి కదా అంటుంది. శ్యాంసన్ వంతు వచ్చినప్పుడు కుర్చీ అంచున కూర్చుని "బాగానే ఉంది మేడం," అనేవాడు. ఆమె "సంతోషం శ్యాంసన్ గారూ," అనేది. అతను లేచి వచ్చేసేవాడు. ఇంకోమాట అడుగుతుందేమోనని ప్రతిసారీ తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు. ఆ సంగతి ఆమెకు తెలియదు.

రఫీ లోపలికి పోతే మాత్రం గంట దాటేది.

"నీ నోట ఆ పిల్లోడి మాట తప్ప ఇంకో మాట రాలేదు ఈ నెలంతా," అంది యేసుమణి ఒక సాయంత్రం, బియ్యం చెరుగుతూ. "రఫీ అట్ల చేసినాడు, రఫీకి ఇట్ల ఇచ్చినారు. కొత్తకోడలి మీద తోడికోడలు ఏడ్చినట్టుంది నీ యవ్వారం."

"నేనేం ఏడవట్లా."

"ఏడవకపోతే మంచిదే. నీ మొహం చూస్తే మాత్రం నాకట్ల కనపడలా."

అతను కోపంగా బయటికిపోయాడు. యేసుమణి చేటలోంచి తలెత్తలేదు.

ఎండలు ముదిరే రోజుల్లో ఇబ్రహీం పోయాడు. రఫీకి చిన్ననాటి స్నేహితుడు, ఒకే గల్లీలో గోళీలాడినవాడు, తర్వాత ఒకే సూది పంచుకున్నవాడు. రఫీ బయటపడ్డాడు, ఇబ్రహీం పడలేదు. మార్కాపురం రోడ్డు రైలు స్టేషను దాటాక తుమ్మచెట్ల మధ్య దొరికాడు. ఫోను రఫీకే వచ్చింది. పోయేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు.

శ్రీదేవి ఆ రోజు కేంద్రం మూయించింది. రఫీ ఇంటికి తనే వెళ్లి, వాళ్లమ్మ లాల్బీ పక్కన చాప మీద సాయంత్రం దాకా కూర్చుంది. శ్యాంసన్ కూడా పోయాడు. జనాజా వెనక నడిచాడు. అందరిలాగే తల దించుకున్నాడు. దించుకున్న తలలో మాత్రం ఒకటే మాట తిరిగింది: డానీకి ఎవరు మూశారు కేంద్రం? చచ్చినవాణ్ని మోసుకుపోతుంటే కూడా ఇలాంటి లెక్క వచ్చినందుకు తనమీద తనకే రోత పుట్టింది. రోత పుట్టినా లెక్క ఆగలేదు.

రఫీ వారం తిరక్కుండానే పనిలోకి వచ్చాడు. వద్దన్నా వచ్చాడు. ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతోందన్నాడు. వచ్చిన కొన్నాళ్లకే శ్యాంసన్ కనిపెట్టాడు.

మిట్టమధ్యాహ్నం ఎండలో రఫీ నిండు చేతుల చొక్కా వేసుకున్నాడు. ముక్కు ఊరికే గోక్కుంటున్నాడు. టీలో చక్కెర మీద చక్కెర వేసుకుంటున్నాడు. మాట మధ్యలో రెప్పలు వాలుతున్నాయి. కిటికీ దగ్గర నిలబెట్టి పలకరించి చూశాడు శ్యాంసన్. నల్లగుడ్డు ఆవగింజంత అయిపోయి ఉంది. మళ్లీ మొదలుపెట్టాడు వీడు.

అప్పుడు శ్యాంసన్ నోట్లో ఏదో తియ్యగా ఊరింది. అదీ నిజం. భయం ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. ఒక రోజంతా ఆ తీపిని ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. ఆ రోజంతా రఫీతో చాలా ప్రేమగా మాట్లాడాడు. "జాగ్రత్తరా తమ్ముడూ," అని భుజం కూడా తట్టాడు. మర్నాడు శ్రీదేవి ఒంటరిగా ఉన్నప్పుడు లోపలికి పోయి తలుపు వేశాడు.

"చెప్పకూడదనుకున్నా మేడం. కానీ చెప్పకపోతే తప్పయితది," అని మొదలుపెట్టి, గొంతు బరువు చేసుకుని, చూసిందంతా చెప్పాడు.

వాడేవాళ్లకు ఇక్కడ పని లేదు. ఆ సారు కాలంనుంచీ అందరూ విన్న మాట అది. రఫీ సంచీ అప్పగించి మెట్లు దిగిపోవడం శ్యాంసన్ మనసులో అప్పటికే చాలాసార్లు చూసుకున్నాడు.

శ్రీదేవి మొహం పాలిపోయింది. "నేనెలా గమనించలేదు?" అని తనలో తానే అనుకుంది. "చాలా మంచిపని చేశారు శ్యాంసన్ గారూ," అని లేచి రఫీని పిలిచింది.

తలుపు చాలాసేపు మూసే ఉంది. ఈసారి ఏడుపు వినపడలేదు. రఫీ బయటికొచ్చి ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగిపోయాడు. చేతిలో సంచీ లేదు. అయిపోయింది అనుకున్నాడు శ్యాంసన్.

శ్రీదేవి వచ్చి ఎదురుగా నిలబడింది.

"రఫీకి సెలవిచ్చాను. కుదుటపడేదాకా. సూది మీదికి మనసు పోకుండా నాలుక కింద పెట్టే మాత్ర రోజూ గవర్నమెంటు ఆసుపత్రిలో ఇస్తారు, డాక్టరుతో మాట్లాడాను. అతని పని అతనికే ఉంటుంది, ఎవరినీ పెట్టను. మీరొక సాయం చేయాలి. పొద్దున పూట అతన్ని బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లి, మాత్ర వేయించి ఇంట్లో దించాలి. ఒంటరిగా పోతే దారిలోనే ఆగిపోతాడని భయం. మీకంటే నమ్మకమైనవాళ్లు నాకు లేరు."

శ్యాంసన్ బెంచీ మీదినుంచి లేచాడు.

"వాడు సూది పొడుచుకుంటే సెలవా?" అన్నాడు. "నన్ను తోడు పొమ్మంటారా?"

"ఏమైంది శ్యాంసన్ గారూ?"

"ఏమైందని ఇప్పుడు అడుగుతుండారు! డానీ నా చేతుల్లో పోయినాడు మేడం. మర్నాడు నన్ను రైలెక్కిచ్చినారు. మీటింగులో కూర్చోబెట్టి పులిహోర పెట్టినారు. నాకెవరూ సెలవియ్యలా. నా ఇంటికొచ్చి చాప మీద ఎవరూ కూర్చోలా. మీరొచ్చి ఇన్నేళ్లయింది, డానీ ఎవరని ఒక్కరోజు అడిగినారా? గారూ గారూ అంటారు. ఆ గారును తీసి పొయ్యిలో పెట్టండి. వాణ్ని తిన్నావా అంటారే, నన్ను అడిగినారా ఎప్పుడన్నా?"

అనేశాక సిగ్గుతో చచ్చిపోయాడు. నలభై దాటిన మగవాడు, అన్నం తిన్నావా అని అడగలేదని అరుస్తున్నాడు. బయట కట్టు కట్టించుకుంటున్న ఇద్దరు మనుషులు తల తిప్పి చూస్తున్నారు.

శ్రీదేవి బెంచీ మీద కూర్చుండిపోయింది.

"అడగలేదు. మీరొచ్చి బాగానే ఉంది అనేవారు. ఒక్కరైనా బాగున్నారు కదా అని నాకు నిమ్మళంగా ఉండేది. అంతటితో వదిలేసేదాన్ని. ఇంకోమాట అడిగితే ఏం మోయాల్సివస్తుందోనని అడగలేదేమో కూడా. తప్పు నాదే."

ఆమె వాదిస్తే బాగుండేది. ఒప్పుకునేసరికి శ్యాంసన్‌కు ఎటు పోవాలో తెలియలేదు. "నేను పోను. వేరే ఎవరినన్నా చూసుకోండి," అని మెట్లు దిగాడు.

ఇంట్లో యేసుమణి అంతా విన్నది. డానీ పోయిన రోజు తర్వాత ఆ సంగతి మళ్లీ వినడం ఆమెకు కూడా ఇప్పుడే. అంట్లు తోముతున్న చేయి ఆపి అడిగింది.

"ఆమె అడగలేదు, సరే. నేనడగలేదా? ఆ వారం నువ్వు నిద్రలో ఉలికులికి పడతా ఉంటే ఏందయ్యా, ఏమైంది అని ఎన్నిసార్లడిగినా? గోడకి తిరిగి పడుకున్నావు. ఇప్పుడు పరాయామె అడగలేదని ఊరంతా వినేట్టు అరిచొచ్చినావు. నాకెట్లుంటది?"

ఈ ఇంట్లో కడుపు మండేది తనొక్కడికే కాదని అతనికి అప్పటిదాకా తట్టలేదు.

మర్నాడు పొద్దున అతను బండి తీశాడు. మంచితనంతో తీయలేదు. పోనన్నాడు గాని, ఇంకెవరైనా పోతారేమో, ఆ నమ్మకమైన చోటు కూడా పోతుందేమో అన్న దుగ్ధ ఒకటి పొడిచింది. రఫీ గల్లీలోకి పోయి హారన్ కొట్టాడు.

లాల్బీ పరుగులాంటి నడకతో బయటికొచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. "రా బేటా. నువ్వు చెప్పబట్టే నా కొడుకు దక్కినాడు. ఇబ్రహీం తల్లికి ఇట్ల చెప్పేవాడు ఒకడు లేకపాయె. అల్లా నీ బిడ్డల్ని సల్లగా చూడాల."

"నేనని ఎవరు చెప్పినారు?"

లోపలినుంచి రఫీ వచ్చాడు. చలిజ్వరం వచ్చినవాడిలా దుప్పటి కప్పుకున్నాడు. "ఎవరూ చెప్పలా. నువ్వు గాక ఎవరు కనిపెడతారన్నా? మేడం కూడా చూడలేకపోయింది. నువ్వు చూసినావు. సొంత అన్న కూడా ఇంత చూడడు."

శ్యాంసన్ బండి తిప్పాడు. రఫీ వెనక కూర్చున్నాడు. పలకల దుకాణాల సందు దాటేదాకా ఓర్చుకున్నాడు శ్యాంసన్. తర్వాత ఓర్చుకోలేకపోయాడు. తిట్టు అయితే మోసేవాడు గాని, ఈ కృతజ్ఞత మోయలేని బరువుగా ఉంది. బండి పక్కకు తీసి ఆపాడు.

"రఫీ, నీ మంచి కోరి చెప్పలేదురా నేను. నీ పని పోవాలని చెప్పినా. నిన్ను తరిమేస్తారని చెప్పినా."

రఫీ అతని భుజం మీదినుంచి చెయ్యి తీసేశాడు. తర్వాత దిగాడు.

"నేనేం చేసినానన్నా నీకు?"

"నువ్వేం చేయలా. నీకు చేసింది నాకు చేయలేదంతే."

రఫీ దుప్పటి బిగించుకుని ఆసుపత్రి వైపు నడవసాగాడు. ఒళ్లు వణుకుతోంది, అడుగు తడబడుతోంది, అయినా వెనక్కి తిరిగి చూడలేదు. శ్యాంసన్ ఫస్టు గేరులో వెనకాలే పోయాడు. దుకాణాలవాళ్లు వింతగా చూశారు. ఆసుపత్రిలో మాత్ర కరిగేదాకా రఫీ గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి మాత్రం బండి ఎక్కాడు, నడిచే ఓపిక లేక.

ఆ రోజునుంచి రోజూ అంతే. హారన్ కొడితే రఫీ వచ్చి వెనక కూర్చుంటాడు. పోతారు, వస్తారు. ఒక్క మాట లేదు. అమ్మకు చెప్పలేదేమో, లాల్బీ మాత్రం రోజూ దీవిస్తూనే ఉంది. ఆ దీవెన తీసుకుని బండి తిప్పడమే శ్యాంసన్‌కు అన్నిటికంటే కష్టమైన పని అయింది. మానేయాలనుకున్నాడు. మానలేదు. వెనక కూర్చున్నవాడి వణుకు రోజురోజుకీ తగ్గడం వీపుకు తెలుస్తూ ఉండేది. అది తగ్గుతుంటే తనకు సంతోషం కలగడం చూసి అతనికే ఆశ్చర్యం వేసింది.

అట్లా ఒక పొద్దున ఆసుపత్రినుంచి తిరిగొస్తుంటే ఫోను మోగింది. ఒక ఆడమనిషి ఏడుస్తోంది. ఊరవతల మూతపడిన పలకల షెడ్డులో తన తమ్ముడు పడిపోయాడు, గురక పెడుతున్నాడు, పెదాలు నల్లగా ఉన్నాయి. రఫీని దించి పోయేంత వ్యవధి లేదు. శ్యాంసన్ బండిని అటే తిప్పాడు.

విశ్వాసం అనే కోత కూలీ అతను. రేకుల కింద, రాతిపొడిలో వెల్లకిలా పడి ఉన్నాడు. శ్యాంసన్ అతని తొడలో సూదిమందు ఇచ్చాడు, తల వెనక్కి వంచాడు, ముక్కు మూసి ఊదడం మొదలుపెట్టాడు. ఎన్నోసార్లు చేసిన పని. కానీ ఆ రాతిపొడి వాసన, ఆ రేకుల వేడి, పక్కన అక్క ఏడుపు. "డానీ, లేరా. డానీ, లెయ్యి నాయనా," అంటున్నది తన గొంతేనని అతనికి తెలియలేదు. ఊదబోతే తన ఊపిరే అందలేదు.

"అన్నా, జరుగు."

రఫీ భుజం పట్టి పక్కకి జరిపాడు. అతను వంగి, నింపాదిగా, ఒకటి తర్వాత ఒకటి ఊపిరి పోశాడు. కాసేపు చూసి, "ఇంకో సూది తియ్యన్నా," అన్నాడు. శ్యాంసన్ నింపి ఇచ్చాడు. రఫీ పొడిచి మళ్లీ ఊదాడు. విశ్వాసం ఛాతీ తనంతట తాను లేచింది. ఇంకాసేపటికి దగ్గాడు, కక్కుకున్నాడు, కళ్లు తెరిచి ఇద్దర్నీ బూతులు తిట్టాడు. అతని మత్తంతా ఒక్కసారిగా దిగిపోయింది మరి. వాళ్లక్క నవ్వుతూ ఏడుస్తూ అతని చెంప మీద ఒక్కటేసింది.

ఆటోలో వాళ్లను ఆసుపత్రికి పంపాక శ్యాంసన్ లేవలేకపోయాడు. రేకుల నీడలో అట్లాగే చతికిలబడ్డాడు. రఫీ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"డానీ అంటే ఎవరన్నా?"

ఇన్ని రోజుల తర్వాత అతనడిగిన మొదటి మాట అది. శ్యాంసన్ చెప్పాడు. డోలక్ వాయించే వేళ్లు ఎట్లా ఉండేవో, వాళ్లమ్మ చొక్కా ఎట్లా లాగిందో, పులిహోర తిన్నందుకు తనను తాను ఎట్లా అసహ్యించుకున్నాడో అంతా చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. ముక్కు కారింది, తుడుచుకోలేదు. రఫీ మధ్యలో ఒక్కసారి కూడా ఊరుకో అనలేదు.

అంతా అయ్యాక రఫీ గొంతు వేరేగా వినిపించింది. "అన్నా, ఆ మూల వాడి సిరంజి పడుంది. మందు ఇంకా సగముంది అందులో. నువ్వు చెప్పేదంతా విన్నా, కానీ నా కన్ను దాని మీదనే ఉంది. నన్ను ఇక్కడినుంచి తీసుకపో. తొందరగా తీసుకపో."

శ్యాంసన్ ఒక్క ఉదుటున లేచాడు. ఆ సిరంజిని తన సంచీలో వాడిన సూదులు వేసే డబ్బాలో పడేసి మూత బిగించి, రఫీ రెక్క పట్టుకుని బండి దాకా నడిపించాడు. దారిలో రఫీ అతని నడుం చుట్టూ చేతులు గట్టిగా బిగించి కూర్చున్నాడు. పాత దెబ్బ తగిలిన చోటే, నొప్పి పుట్టింది. శ్యాంసన్ సడలించమనలేదు.

"నీ మీద కోపం పోలేదు నాకు," అన్నాడు రఫీ వెనకనుంచి.

"పోనీలే. ఉండనీ."

శ్రీదేవి ఆ వారమే కొత్త కట్టుబాటు పెట్టింది. ఫోను వస్తే ఇకనుంచి ఇద్దరు పోవాలి. ఎవరి చేతుల్లోనైనా మనిషి పోతే, వాళ్లు బాగున్నామన్నా బాగాలేమన్నా మర్నాడు పనిలోకి రాకూడదు. తనకూ మాట్లాడుకోవడానికి ఒంగోలులో ఒక పెద్దావిడను చూసుకుంది. "వినేవాళ్లకూ ఎవరో ఒకరు వినాలి కదా," అంది. శ్యాంసన్ ఇంటికి కూడా వచ్చింది. యేసుమణి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మొదట ముభావంగా ఉండి, తర్వాత తన పన్నెండేళ్ల గోడు మొత్తం వెళ్లబోసింది. శ్యాంసన్‌కు మాట కలిపే సందే దొరకలేదు.

మాత్రల మోతాదు కుదిరాక రఫీ మళ్లీ సంచీ తగిలించుకున్నాడు. ఆ రోజు లాల్బీ పెద్ద గిన్నెలో సేమియా చేసి కేంద్రానికి తెచ్చింది. అందరూ రఫీ చుట్టూ మూగారు. ఒకరు భుజం తట్టారు, ఒకరు ఫోటో తీశారు. శ్యాంసన్ గుమ్మం దగ్గర చెంచా పట్టుకుని నిలబడ్డాడు.

అది శుక్రవారం. తన వంతు రాగానే లోపలికి పోయి ఈసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.

"ఎలా ఉంది?" అంది శ్రీదేవి.

"ఇయ్యాల మళ్లీ కుళ్లు పుట్టింది మేడం."

"ఎవరి మీద?"

"ఇంకెవరి మీద, వాడి మీదనే. సేమియా బాగుంది, అయినా పుట్టింది."

ఆమె నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఎక్కడ మొదలైందో చెప్పండి," అంది. శ్యాంసన్ చెప్పడం మొదలుపెట్టాడు.